వరంగల్‌ల బార్లు, పబ్బులు, హోటళ్లు: రెండు రాత్రులకు వచ్చేటోళ్లకు నాకు తెలిసింది

బెంగళూరు నుంచి నలుగురు హనుమకొండకు పెండ్లికి వస్తున్నరు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, శుక్రవారం మధ్యాహ్నం దిగి ఆదివారం సాయంత్రం రైలెక్కుతరు, పెండ్లేమో శనివారం పొద్దున. మిగతా టైంల మంచి పబ్బులు ఉన్నయా, హోటల్ బార్లు ఎట్లుంటయ్, రాత్రి ఎంతసేపు బయట ఉండొచ్చు, ఇదీ అడిగింది. చాలామంది "వరంగల్‌ల ఏముందన్నా, హైదరాబాద్ పోరాదు" అని ఒక్క ముక్కల తేల్చేస్తరు. నేను ఒప్పుకోను. ఇక్కడి బార్ అండ్ రెస్టారెంట్లల్ల స్టీవార్డ్ కాడ్నుంచి మేనేజర్ దాకా చేసినోణ్ణి, ఇప్పుడు సొంతంగ క్యాటరింగ్ చూసుకుంటున్న, టేబుల్‌కు అటు దిక్కు ఏమైతదో ఇటు దిక్కు ఏమైతదో రెండూ చూసిన. ఈ ఊరి రాత్రి సాయంత్రం 6కే మొదలైతది, పదిన్నరకు అయిపోతది. ఆ నాలుగున్నర గంటలు చూసుకొని ప్లాన్ చేసుకున్నోడు ఖుషీగా పోతడు, తొమ్మిదిన్నరకు సెంటు కొట్టుకొని బయటికొచ్చినోడు తిట్టుకుంట పోతడు.

ముందు పబ్బుల ముచ్చట అయిపోగొడ్తా. మీ ఇందిరానగర్, కోరమంగల లెక్క పబ్బులు ఇక్కడ లేవు, వెతకకండి. లాంజ్ అని, కిచెన్ అండ్ బార్ అని బోర్డులు పెట్టుకున్నవి కొన్ని ఉన్నయ్, లైట్లు బాగుంటయ్, శనివారం డీజే పెడ్తరు, సోఫాలు గూడ ఉంటయ్, గాని లోపల కూర్చునేది, తినేది, తాగేది అంతే, డ్యాన్స్ ఫ్లోర్ అని పెట్టినకాడ గూడ మగపిల్లలే నలుగురు ఎగురుతుంటరు. పేర్లు ఎందుకు చెప్తలేనంటే వీటిల్ల లీజులు మారుతనే ఉంటయ్, పోయినేడు బాగున్నది ఈయేడు వేరేటోళ్ల చేతిల ఉంటది, బోర్డు అదే ఉంటది కిచెన్ మారిపోతది. మీరు బయలుదేరే వారం ముందు రివ్యూలు చూడండి, అవి గూడ గడిచిన రెండు మూడు నెలలవే చూడండి. ఇంత పెద్ద ఊరు, ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, మరి పబ్బులు ఎందుకు నిలబడ్తలేవు అని మస్తుమంది అడుగుతరు. స్టూడెంట్లల్ల సగం మందికి 21 నిండవు, తెలంగాణల 21 లోపు వాళ్లకు మందు అమ్మొద్దు, మిగిలిన సగానికి జేబుల పైసలుండవు. పైసలున్నోడు వీకెండ్ కార్ తీసి మూడు గంటల్ల హైదరాబాద్‌ల ఉంటడు. ఇంగ పబ్బు ఎవలి కోసం నడుస్తది చెప్పండి.

ఇగ టైం. జీహెచ్‌ఎంసీ, అంటే హైదరాబాద్ సిటీ లోపల బార్లకు రాత్రి 12 దాకా, శుక్ర శనివారాలు ఒంటిగంట దాకా పర్మిషన్ ఉంటది. అదే బయట జిల్లాలల్ల బార్ 11కు బంద్ కావాలె, వైన్స్ అయితే 10కే షట్టర్. వరంగల్ పెద్ద కార్పొరేషనే అయినా ఈ లెక్కల జిల్లానే. 11కు బంద్ అంటే 11 దాకా ఆర్డర్ తీసుకుంటరని గాదు, పదిన్నరకే కెప్టెన్ వచ్చి "సార్ లాస్ట్ ఆర్డర్" అంటడు, అంతకంటే ముందే తందూర్ బంద్ చేస్తరు, పావు తక్కువ పదకొండుకు సగం లైట్లు తీసేస్తరు. స్టాఫ్ మీద కోపం చేయకండి, పెట్రోలింగ్ బండి వచ్చి నిలబడితే మాట పడేది వాళ్లే.

అందుకే నేనెప్పుడు చెప్పేది, ముందు రూం ఎక్కడ అనేది ఫిక్స్ చేసుకోండి, దాన్నిబట్టి మందు ఎక్కడ అనేది. ఈ ఊరు మూడు ముక్కలు: వరంగల్, హనుమకొండ, కాజీపేట. వరంగల్ స్టేషన్ దిక్కు పాత లాడ్జీలు, బట్టల బజార్, మార్కెట్, యాపారానికి వచ్చేటోళ్లకు బాగుంటది. కాజీపేట రైలు మారేటోళ్లకు. మీ అసొంటోళ్లకు హనుమకొండ దిక్కే నయం, చౌరస్తా కాడ్నుంచి నక్కలగుట్ట, సుబేదారి దాకా ఉన్న ఆ మెయిన్ రోడ్డు మీద హోటళ్లు, తినే జాగలు, బార్లు అన్నీ దగ్గర దగ్గరనే ఉంటయ్. అశోక లాంటి పాత పేర్లు, టూరిజం వాళ్ల హరిత కాకతీయ గూడ ఆ దిక్కే. నేను ఫలానా దాంట్లనే దిగండి అనను, గాని బుక్ చేసేటప్పుడు యాప్‌ల ఫొటోలు చూసి వదిలెయ్యకుండ ఒక్కసారి రిసెప్షన్‌కు ఫోన్ కొట్టండి. బార్ హోటల్‌దేనా లేక వేరేటోళ్లకు లీజుకిచ్చిన్రా అడగండి, లీజుదైతే రూం బిల్లుల కలవదు, రూంకు సర్వీస్ గూడ అనుమానమే. ఫ్యామిలీ సెక్షన్‌కు దారి వేరే ఉందా, లేక బార్ హాల్ల నుంచే పోవాల్నా అడగండి. ఇంకోటి, అదే బిల్డింగ్‌ల ఫంక్షన్ హాల్ ఉందా, ఉంటే ఎన్నో ఫ్లోర్ల ఉంది అడగండి, ముహూర్తాల టైంల బరాత్ డీజే మీ మంచం కిందనే ఉన్నట్టు మోగుతది. చెక్ ఇన్‌కు నలుగురి ఆధార్‌లు నాలుగు కావాలె, ఒక్కరిది చూపిస్తే సరిపోతదనుకోకండి.

హోటల్ల బార్ ఉంటే లాభం ఒక్కటే, లిఫ్ట్ ఎక్కితే రూం. బయట బార్ కంటే రేటు కొంచెం ఎక్కువే పడ్తది, దాన్ని క్యాబ్ చార్జీ కింద రాసుకోండి.

ఇగ లోపలికి పోయినంక. మామూలు బార్ల రెండు మూడు రకాల హాళ్లుంటయ్, జనరల్, ఏసీ, కొన్నిటిల్ల పైన రూఫ్ టాప్, కొన్నిటిల్ల చెక్క పార్టిషన్లతోని క్యాబిన్లు. ఒకే బీరుకు జనరల్ల ఒక రేటు ఏసీల ఒక రేటు, కాబట్టి కూర్చునే ముందే ఆ హాల్ మెనూ అడగండి. వైన్స్ షాపుల ఎమ్మార్పీ మీద అమ్మాలె, బార్ల అంతకంటే ఎక్కువనే తీసుకుంటరు, దాని మీద పంచాయితీ పెట్టుకొని లాభం లేదు.

బెంగళూరోళ్లకు కొత్తగ అనిపించేది ఏందంటే ఇక్కడ విస్కీ లూజ్ పెగ్గులు తక్కువ మంది చెప్తరు, సీసాలే చెప్తరు. క్వార్టర్ అంటే 180 ఎంఎల్, మూడు లార్జ్‌లు అయితయ్, ఇద్దరు నింపాదిగ కూర్చుంటే హాఫ్, అంటే 375. లూజ్ పెగ్గు కంటే ఇదే మంచిది, ఎందుకంటే సీసా టేబుల్ కాడికి సీల్‌తోని రావాలె, మీ ముందటనే మూత తిప్పాలె. మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్ ఉంటది, మూత తిప్పంగనే అది చిరగాలె, ముందే చిరిగి ఉన్నా, అతికిచ్చినట్టు ఉన్నా, మూత చప్పుడు లేకుండ తిరిగినా పక్కకు పెట్టి "ఇంకోటి తే అన్నా" అనండి. గొడవ అక్కర్లేదు, మంచి బార్ అయితే మారు మాట లేకుండ మారుస్తరు. మార్చనోళ్ల కాడ ఇంగ కూర్చోకండి. కౌంటర్ కాడ పోసుకొని గ్లాసుల తెచ్చేది మాత్రం తెలిసిన జాగలనే తాగండి. నేను మేనేజర్‌గ ఉన్నన్ని రోజులు కొత్త పిలగాళ్లకు మొట్టమొదట నేర్పింది ఇదే, సీసా ట్రేల పట్టుకపో, లేబుల్ కస్టమర్ దిక్కు పెట్టు, ఆయన తలూపినంకనే మూత మీద చెయ్యి వెయ్యి.

బీర్ల సంగతికొస్తే మీరు అక్కడ తాగే క్రాఫ్ట్ బ్రాండ్లు ఇక్కడ దొరుకుతయని ఆశ పెట్టుకోకండి. రాష్ట్రంల సరుకంతా సర్కారు బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే రావాలె, అక్కడ ఉన్న బ్రాండ్లే ఇక్కడ ఉంటయ్, అందుల గూడ జిల్లాకు వచ్చేసరికి ఇంకా తగ్గుతయ్. 2025 జనవరిల బకాయిలు, ధరల లొల్లితోని కింగ్‌ఫిషర్ కంపెనీ కార్పొరేషన్‌కు సప్లై ఆపితే ఇక్కడ బార్లల్ల జనం మొఖాలు చూడాలె, కొన్ని రోజులకే మళ్లా మొదలైందనుకోండి, తర్వాత ఫిబ్రవరిల బీర్ల రేట్లు 15 శాతం పెరిగినయ్. బీరు చెప్పేటప్పుడు లైటా స్ట్రాంగా స్పష్టంగ చెప్పండి, ఊకె "బీర్" అంటే ఇక్కడ చాలా జాగల 650 ఎంఎల్ స్ట్రాంగ్ తెచ్చి పెడ్తరు. ఎండాకాలం ఇంకోటి చూస్కోండి, ఏప్రిల్ మే నెలల్ల సాయంత్రం ఏడు దాటితే ఫ్రిజ్‌ల చల్ల సీసాలు అయిపోతయ్, కొత్తగ పెట్టినవి ఇంకా సల్లబడవు, ఆరు గంటలకు పోయినోడిదే అదృష్టం.

బిల్లు. మందు జీఎస్టీ కిందికి రాదు. ఫుడ్ మీద 5 శాతం పడ్తది. సరిగ్గ నడిచే బార్ల లిక్కర్ బిల్లు వేరే, ఫుడ్ బిల్లు వేరే ఇస్తరు, రెండూ కలిపి కింద టోటల్ మీద జీఎస్టీ వేస్తే వెనక్కి పంపియ్యండి. సర్వీస్ చార్జ్ అని దానంతట అదే వేసుడు కుదరదని కేంద్ర వినియోగదారుల సంస్థ 2022లనే చెప్పింది, వద్దంటే తీసెయ్యాలె. ఇక్కడ అసలు ఆ అలవాటే తక్కువ, దానికి బదులు టేబుల్ చూసిన పిలగానికి చేతిల టిప్ పెట్టండి, వాళ్ల జీతాలు ఎంతనో నాకు తెలుసు.

తిండికి వస్తే ఇక్కడి బార్లు నిజంగ బాగుంటయ్. కూర్చోంగనే ఊరికే పల్లీలో, గుడాలో, కీర ముక్కలో పెడ్తరు, గుడాలంటే ఉడకబెట్టిన శనగలో బొబ్బర్లో ఉల్లిగడ్డ పచ్చిమిర్చి తాలింపు పెట్టి, వేడిగ ఉంటే వాటితోనే సగం కడుపు నిండుతది. స్టఫ్, అంటే మందుల నంజుకునేదాని కోసం మెనూ మొత్తం చదవకండి, పది పేజీలుంటది, అందుల చైనీస్ పేజీ అన్ని బార్లల్ల ఒక్కటే. కెప్టెన్‌ను పిలిచి "ఇయ్యాల ఫ్రెష్‌గ ఏమొచ్చింది" అని అడగండి. బోటీ ఫ్రై ఉంటే చెప్పండి, గాని ఆదివారమో పండుగ తెల్లారో అయితేనే, కోత ఎక్కువున్న రోజు బోటీ తాజాగ ఉంటది. చేప అయితే అపోలో ఫిష్ కాకుండ తవా ఫ్రై ముక్క అడగండి, అపోలోల మసాలా కింద చేప ఏదో మీకు తెల్వదు. చికెన్ 65 మరీ ఎర్రగ నిగనిగలాడుకుంట వస్తే అది రంగు, మిర్చి గాదు. అసలు మిర్చితోనే ఎర్రగ తేవొచ్చు, మా దిక్కు చపాటా మిర్చి పండుతది, టమాట లెక్క లావుగ ఉంటది, రంగు మస్తు కారం తక్కువ, 2025ల దానికి జీఐ ట్యాగ్ గూడ వచ్చింది. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఊర్లనే పెట్టుకొని బార్లోళ్లు డబ్బా రంగు ఎందుకు వాడుతరో నాకు ఇప్పటికీ అర్థం గాదు. మంచి కిచెన్‌ల ప్లేటు అడుగున నూనె ముదురు నారింజగ ఉంటది, రంగు వేసిన దాంట్ల టిష్యూకు గులాబీ మరక అంటుతది. ఇంకో ముచ్చట, ఇక్కడ మీడియం కారం అంటేనే మీకు ఎక్కువ, అందుకని మీడియం అనకుండ "కారం తక్కువ" అనండి.

ఆడవాళ్లతోని పోవుడు గురించి దాచకుండ చెప్తా. మామూలు బార్ హాల్ల వందకు 95 మంది మగోళ్లే ఉంటరు, ఎవలూ ఏమనరు, ఏం చెయ్యరు, గాని నాలుగు టేబుళ్లోళ్లు తలకాయ తిప్పి చూస్తరు, ఆ చూపులకే సగం మజా పోతది. అందుకని హోటల్‌కు కలిసి ఉన్న బార్, లేకపోతే ఫ్యామిలీ సెక్షన్‌ల గూడ మందు సర్వ్ చేసే లైసెన్స్ జాగ, ఈ రెండే చూడండి. ఫోన్ చేసి "ఫ్యామిలీ సెక్షన్‌ల లిక్కర్ ఇస్తరా" అని అడిగితే సూటిగ చెప్తరు, కొన్నిట్ల ఇయ్యరు, ఫుడ్ మాత్రమే. టాయిలెట్ ఎక్కడ ఉంది గూడ అడగండి, నవ్వుకోకండి, చాలా బార్లల్ల లేడీస్‌కు వేరే ఉండదు, ఉన్నా స్టోర్ రూం చేసి పెడ్తరు. శనివారం ఎనిమిది దాటితే ఫ్యామిలీ సెక్షన్ గూడ నిండుతది, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు అయితే పెద్ద స్క్రీన్ ఉన్న ఏ హాల్ల గూడ మీకు ఒకరి మాట ఒకరికి ఇనపడదు.

కారు సెల్ఫ్ డ్రైవ్ తీసుకుందామనుకుంటున్నరేమో, రాత్రికి మాత్రం తియ్యకండి. వీకెండ్ డ్రంకెన్ డ్రైవ్ చెకింగ్ ఎక్కడ పెడ్తరో ముందు తెల్వదు, మెయిన్ రోడ్డు మీద పెడ్తరు, సందు చివర్ల గూడ పెడ్తరు. లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు, ఒక్క స్ట్రాంగ్ బీరుకే చాలామందికి దాటిపోతది. మొదటిసారికి 10 వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ, బండి అక్కడనే ఉంటది, తర్వాత కోర్టుకు రావాలె. మీరు బెంగళూరు నుంచి ఆ ఒక్క పని కోసం మళ్లా రావాలె, ఆలోచించుకోండి. ర్యాపిడో, ఓలా ఉన్నయ్ గాని రాత్రి పదిన్నర తర్వాత బుక్ అయ్యేదాకా నమ్మకం లేదు. సాయంత్రం మిమ్మల్ని దింపిన ఆటో అన్నతోనే మాట్లాడుకొని నంబర్ తీసుకోండి, "పదిన్నరకు ఇక్కడికే రా అన్నా" అంటే వస్తడు, పోయేటప్పుడు ఇచ్చినదానికంటే కొంచెం ఎక్కువ ఇయ్యండి.

వైన్స్ పక్కన పర్మిట్ రూములు ఉంటయ్, సీసా కొనుక్కొని అక్కడనే నిలబడి తాగుడు, బయట బండి మీద లివర్ ఫ్రై, చికెన్ పకోడి, ఉడకబెట్టిన గుడ్లు. ఊరి అసలు సంభాషణ అంతా అక్కడనే ఇనపడ్తది, రాజకీయం, మిర్చి రేటు, భూముల పంచాయితీలు. మగోళ్లు ఇద్దరే అరగంట పోయి చూసి రావొచ్చు, అందరూ కలిసి పోయే జాగ గాదు. హైవే దాబాలల్ల "సిట్టింగ్ ఉంది సార్" అంటరు, చాలావాటికి లైసెన్స్ ఉండదు, ఎక్సైజ్ వాళ్లు వచ్చిన్రంటే ఓనర్‌తో పాటు తాగేటోళ్లను గూడ నిలబెడ్తరు. ఖిలా వరంగల్ గోడల మీద, భద్రకాళి చెరువు కట్ట మీద, వడ్డేపల్లి చెరువు కాడ సీసాలు తీసి కూర్చునే ఆలోచన అసలే వద్దు. బెంగళూరు నుంచి సీసాలు సంచిల పెట్టుకొచ్చుడు గూడ వద్దు, వేరే రాష్ట్రం మందు ఇక్కడ కేసు, రైళ్లల్ల ఎక్సైజ్ వాళ్లు చెక్ చేస్తుంటరు.

నన్నడిగితే మీ ట్రిప్‌ల మందుకు సంబంధించిన అసలు మజా రాత్రిది గాదు, ఆదివారం పొద్దుటిది. కల్లు. పెండ్లోళ్లకు ఊర్ల చుట్టాలు ఉండకుండ ఉండరు, ధర్మసాగర్, హసన్‌పర్తి, వర్ధన్నపేట ఏ దిక్కైనా సరే, కల్లు గీసే తెలిసిన గౌడన్న ఉన్న మండువకు, అంటే కల్లు దించి పోసే జాగకు, ఎవలినన్న తీస్కపొమ్మనండి. చెట్టు మీది నుంచి లొట్టి, అంటే కల్లు కుండ, దిగేది పొద్దున, ఏడెనిమిదికల్లా అక్కడ ఉండాలె. చెట్టెక్కే మోకు, ముస్తాదు ఏసుకొని ఆయన దిగి లొట్టి కింద పెట్టంగనే పైన నురగ కదులుతుంటది, ఈగలు మూగుతయ్, బట్ట పెట్టి వడగడ్తడు. గ్లాసు అడగకండి, తాటాకు రేక మడిచి ఇస్తడు, రెండు చేతులతోని దాన్ని మూతికి ఆనిచ్చుకుంటే ఆయన పైనుంచి లొట్టి వంపుతడు, మీరు చెయ్యి ఎత్తేదాకా పోస్తనే ఉంటడు. మొదటిసారి అయితే అంగీ తడవకుండ ఉండదు. పొద్దున తియ్యగ ఉంటది, గంట గంటకు దానంతటదే పులుస్తది, మధ్యాహ్నానికి పుల్లగ, సాయంత్రానికి నిషా ఎక్కువ రుచి తక్కువ. తాటి కల్లు ఎండాకాలం బాగుంటది, చలికాలం ఈత కల్లు అడగండి. తోడు వేయించిన పల్లీలో, ముందురోజు నాటుకోడి కూర మిగిలిందో, ఏదో ఒకటి పట్టుకపోండి.

గాని ఒక మాట గట్టిగ చెప్తున్న. టౌన్‌ల కాంపౌండ్లల్ల క్రేట్లకు క్రేట్లు సీసాలల్ల అమ్మే కల్లు ముట్టకండి. చుట్టుపక్కల చెట్లే లేవు, రోజుకు అన్ని వందల సీసాలు ఎక్కడి నుంచి వస్తయ్? అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపి నిషా ఎక్కిస్తరు, ఉత్తర తెలంగాణ జిల్లాలల్ల దీనికి అలవాటు పడ్డోళ్లు కల్లు బంద్ అయిన రోజు చేతులు వణుక్కుంట, మాట తడబడుకుంట ఆసుపత్రికి వచ్చిన సంగతులు ఎన్నిసార్లు పేపర్ల రాలేదు. 2025 జులైల హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయిన్రు. చెట్టు కనపడని కాడ కల్లు తాగొద్దు, అంతే. చెట్టు కల్లు మీద వెంటనే బీరో విస్కీనో పోయకండి, రైల్ల ఇబ్బంది పడేది మీరే.

తేదీలు గూడ చూస్కోవాలె. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డే. 2025ల దసరా సరిగ్గ అక్టోబర్ 2కే వచ్చింది, తెలంగాణల దసరా నాడు వైన్స్ బంద్ అంటే ఏందో ఊహించుకోండి, ముందురోజు సాయంత్రం వైన్స్‌ల ముందట లైన్లు చూస్తే ఎలక్షన్ పోలింగ్ బూత్‌లు యాదికొచ్చినయ్. ఎలక్షన్లు ఉంటే పోలింగ్ ముందు 48 గంటలు బంద్, కౌంటింగ్ నాడు బంద్, సర్పంచ్ ఎలక్షన్లకు గూడ ఆయా ఏరియాల బంద్ చేస్తరు. కార్తీకం, శ్రావణంల బార్లు ఖాళీగ ఉంటయ్, టేబుల్ ఈజీగ దొరుకుతది గాని కిచెన్‌ల మటన్ తక్కువ దింపుతరు, మెనూల సగం "లేదు సార్" అంటరు. రెండేండ్లకోసారి మేడారం జాతర ఉన్నప్పుడు, మొన్న 2026 జనవరి చివర్ల అయింది, వరంగల్, హనుమకొండల రూం దొరుకుడే కష్టం, దొరికినా రేటు అడగకండి. డిసెంబర్ 31కి టైం పెంచుతరు, గాని ఆ రోజు కుటుంబంతోని బార్‌కు పోయే పని పెట్టుకోకండి.

తాగకుండ గడిపే రాత్రి గూడ ఇక్కడ తక్కువేం గాదు. కోటల తోరణాలకు లైట్లు వేస్తరు, సౌండ్ అండ్ లైట్ షో ఉంటది, టైం ఆ రోజు కనుక్కొని పోండి. భద్రకాళి కట్ట మీద సాయంత్రం గాలి బాగుంటది. రంజాన్ నెలల వస్తే మాత్రం బార్లన్నీ పక్కకు పెట్టండి, వరంగల్ మండి బజార్ల రాత్రి నడిచినంత ఈ ఊర్ల ఇంకెక్కడా నడవదు, హలీం బట్టీలు, కబాబ్‌లు, బట్టల దుకాణాలు, చిన్నపిల్లల్ని ఎత్తుకొని కుటుంబాలకు కుటుంబాలు. బతుకమ్మ రోజులల్ల అయితే ఇద్దరు ఆడవాళ్లకు వెయ్యి స్తంభాల గుడి కాడికి పోతే చాలు, ఆఖరి రోజు సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ, మీరు ఎవలో తెల్వకపోయినా చెయ్యి పట్టి లోపలికి గుంజుతరు.

మీ లెక్కకు వస్తే, శుక్రవారం దిగి రూంల సామాన్లు పెట్టి నాలుగున్నరకు కోట, అక్కడ్నుంచి వచ్చి స్నానం చేసి ఏడు లోపల హోటల్ బార్ల కూర్చోండి, తొమ్మిదిన్నరకు మెయిన్ కోర్స్ చెప్పండి, పదకొండుకు పడుకోండి, తెల్లారి పెండ్లి ఉంది. శనివారం మధ్యాహ్నం పెండ్లి భోజనం తిని నిద్రపోయి లేస్తే ఆరు, ఆ రోజు లాంజ్ అని బోర్డున్న వాటిల్ల ఒకదానికి పోండి, ముందే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకొని, స్పీకర్లకు దూరంగ ఉన్నది అడిగి. పెండ్లి ఇంట్ల ఆ రాత్రి ఎట్లాగూ దావత్ ఉంటది, పెద్దమనుషుల ముందట కూర్చోవాల్నా వద్దా మీరే చూస్కోండి, చాలాసార్లు మామలే "రండి అల్లుడూ" అని పక్కకు పిలుస్తరు, ఆ మేడ మీది సిట్టింగ్‌కు ఈ ఊర్ల ఏ బార్ సరిపోదు. ఆదివారం పొద్దున మండువ, మధ్యాహ్నం ఎవలింట్లనన్న మటన్, సర్వపిండి, మూడు గంటలు నిద్ర. రైలు టికెట్ మీద కాజీపేట ఉందా వరంగల్ ఉందా ఇప్పుడే చూస్కోండి, రెండు స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి బల్లార్షా దిక్కు పోయే బండ్లు వరంగల్ స్టేషన్‌కు రావు, చివరి నిమిషంల సంచులు పట్టుకొని ఆటోల ఉరికినోళ్లను మస్తుమందిని చూసిన. ఇప్పుడు ముహూర్తాలు గట్టిగున్నయ్, మిగతావి తర్వాత చూస్కోవచ్చు గాని రూంలు ఈ వారంలనే చెప్పుకోండి.